పక్కన నిలబడి డక్కీ వాయించినోళ్లు

పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

అమెరికా నల్లజాతి సంగీతం అంటే మనకు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు వినపడుతుంది. ఆయన పక్కన పియానో వాయించిన లిల్ హార్డిన్ పేరు వినపడదు. కింగ్ ఆలివర్ బ్యాండులో ఆమె పియానో, ఆయన కార్నెట్. 1924లో పెళ్లి చేసుకున్నారు. ఇంకొకరి వెనక రెండోవాడిగా ఉండొద్దు, బయటికి రా అని ఆయన్ని తోసింది ఆమే. మేరీ లూ విలియమ్స్ ఇంకో ఆమె. 1940లలో న్యూయార్క్‌లో ఆమె ఇంటికి థెలోనియస్ మంక్, బడ్ పావెల్ లాంటి కుర్రోళ్లు వచ్చి నేర్చుకునేవాళ్లు. తర్వాత వాళ్లే గొప్ప పియానిస్టులయినారు. చర్చిలో, ఇంట్లో ఆడోళ్ల చేతుల్లో పెరిగిన సంగీతం అది. పేరు మాత్రం ముందు నిలబడినోళ్లకు పోయింది.

ఇదంతా మనకెందుకు అంటారా? మన ఆదోని, ఎమ్మిగనూరు పక్కనే ఇలాంటి కథ ఉంది.

బుర్రకథ అంటే అందరికీ నాజర్ గారు గుర్తొస్తారు. పద్మశ్రీ వచ్చిన మహానుభావుడు, అందులో అనుమానం లేదు. కానీ దానికి ముందు అది జంగం కథ. బుడగ జంగాలు ఊరూరా తిరిగి చెప్పేవాళ్లు. మొగాయన భుజాన తంబూర, వేళ్లకు అందెలు. రెండు పక్కలా డక్కీలు వాయిస్తూ వంత పాడేది ఇంటి ఆడోళ్లు. దరువు వాళ్లదే. కథ ఎక్కడ పరిగెత్తాలో, ఎక్కడ ఆగాలో ఆ దరువే చెప్పేది. 1940లలో ప్రజానాట్యమండలి దాన్ని స్టేజీ మీదికి తెచ్చింది. పేరొచ్చిన దళాల్లో వంతలు మొగోళ్లయినారు. అప్పుడే మోటూరు ఉదయం గారు ఆడోళ్ల దళం కట్టి కథ చెప్పారు. అది గొప్ప విషయమే. కానీ తరతరాలుగా డక్కీ వాయించిన జంగం ఆడోళ్ల పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

ఒక పేరు మిగిలింది. దరోజి ఈరమ్మ. బళ్లారి పక్క దరోజి ఊరు, బుడగ జంగం ఇల్లు. పుట్టింది 1930లో. అప్పటికి మన ఆదోని కూడా బళ్లారి జిల్లాలోనే ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చినాయి, మిగతాది మైసూరుకు పోయింది. ఈరమ్మవ్వకు చదువు రాదు. పన్నెండు పెద్ద కథలు నోటికి వచ్చు. అచ్చు వేస్తే సుమారు 7,000 పేజీలు అన్నారు. ఆమె పక్కన ఉండి వంత పాడింది మొగుడో అన్నో కాదు, ఇంటి ఆడోళ్లే. అంటే పక్కన నిలబడే మనిషి నడుమకు వచ్చింది. 1999లో కర్ణాటక రాజ్యోత్సవ అవార్డు, తర్వాత హంపి కన్నడ విశ్వవిద్యాలయం నాడోజ గౌరవం ఇచ్చినారు. 2014 ఆగస్టు 12న పోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాల. గీత అటు పక్క బుడగ జంగాలు ఎస్సీ. ఇటు పక్క, ఉమ్మడి రాష్ట్రం జాబితాలో ఆ పేరు పక్కన రాసింది తెలంగాణ జిల్లాలే, కర్నూలు లేదు. అవే ఇంటిపేర్లు, అవే చుట్టరికాలు, కానీ సర్టిఫికెట్ కోసం ఇటు వాళ్లు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉన్నారు. వాళ్ల పిల్లలు చాలామంది హాస్టల్ దాకా, కాలేజీ దాకా రాకపోవడానికి ఇదొక కారణం. "వాళ్లు మన ఎస్టీలు కాదు కదా" అని మనం అనకూడదు. సర్టిఫికెట్ లేకుంటే ఏమవుతాదో మనకంటే ఎవరికి బాగా తెలుసు?

ఇంక మన సంగతి. మన సుగాలి తండాల్లో పెళ్లికూతురిని సాగనంపేటప్పుడు పాడే ఢావ్లో ఆడోళ్లదే. ఏడుపూ పాటా కలిసిన ఆ పాట రాగం వాళ్ల నోట్లోనే ఉంది. డప్పు కొట్టే మొగోళ్ల వీడియోలు మన ఫోన్లలో వంద ఉంటాయి, ఆ అవ్వల పాట ఒక్కటి ఉందా?

ఈరమ్మవ్వ నోట్లో ఉన్నది బతికుండగానే జనం విన్నారు కాబట్టి ఇవాళ ఆమె పేరు చెప్పుకుంటున్నాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు మనం ఒక్కొక్కరం ఒక్క అవ్వ దగ్గర కూచుందాం. ఆమె ఒప్పుకుంటేనే రికార్డు చేద్దాం. కింద ఆమె పేరు, తండా పేరు, ఎవరి దగ్గర నేర్చుకుందో రాద్దాం. పాట మాత్రమే దాచి పేరు పోగొడితే, మనమూ ఆ పాత పుస్తకాల మాదిరే చేసినట్టు.