మగ్గ మెప్పుడు పాతబడును?

1733లో ఇంగ్లాండునందు జాన్ కే యనునాతడు, త్రాడు లాగినంతనే నాడె తనంతట పరుగెత్తు సాధనమునకు పేటెంటు పొందెను. అంతకుముందు నాడెను చేతినుండి చేతికి విసరవలసి యుండుటచే బట్ట పన్నా నేతగాని చేతుల చాపునకు లోబడియుండెడిది. వెడల్పు బట్టకు ఇద్దరు కావలసివచ్చెడిది. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దులలో ఈ పద్ధతి మన దేశమున వ్యాపింపగా, సాదాబట్ట విషయమున చేనాడె మగ్గము దానితో పోటీపడజాలకపోయెను. అది న్యాయమే. వేగమే లాభమైనచోట పాతదానిపై మమకార మేల?

కాని ఉప్పాడ జాందానీని చూడుడు. అందు పువ్వుపువ్వునకును వేఱు పోగును వ్రేళ్లతో చొప్పింతురు. నాడె యెంత పరుగెత్తినను వ్రేళ్లు పరుగెత్తవు గదా! మా యింట పాతమగ్గమును వంటచెఱకుగా చీల్చిననాడు, దానిపై నేమి నేయుచుండిరని యెవ్వరు నడుగలేదు.