మట్టిపని యంత్రాల నమూనాల సేకరణ

జేసీబీ, ప్రొక్లెయిన్, డోజర్, గ్రేడర్, రోడ్డు రోలర్, టిప్పర్, క్రేన్ వంటి నిర్మాణ యంత్రాలను ఒకే నిష్పత్తిలో కుదించి చేసిన నమూనాలను కూడబెట్టడం, వాటితో చిన్న దృశ్యాలు అమర్చడం, వీలైతే చేత్తో తయారుచేయడం ఈ అభిరుచిలోని భాగాలు. ఇరవయ్యో శతాబ్దంలో బ్రిటన్, జర్మనీ, అమెరికాల్లో ఇది వేళ్లూనుకుంది. కొలతలు, యంత్రశాస్త్రం, స్థానిక చరిత్ర ఇందులో కలుస్తాయి కాబట్టి పిల్లలూ పెద్దలూ కలిసి చేయడానికి అనువైనది. నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాల్లో దీనికి మరింత అర్థం ఉంది. ఈ నేల మనుషులు తరతరాలుగా మట్టి తవ్వి, మోసి బతికినవాళ్లు. అదే పని యంత్రాల చేతికి మారడం కూడా వారి కళ్లముందే జరిగింది. రామన్నపేట పరిసరాలను ఉదాహరణగా తీసుకుని ఈ అభిరుచిని ఇక్కడ వివరిస్తున్నాం.

నిష్పత్తి

ఆటబొమ్మలో పోలిక ఉంటే చాలు, నమూనాలో కొలత తప్పకూడదు. నిర్మాణ యంత్రాల నమూనాలకు ప్రపంచమంతటా ఎక్కువగా వాడే నిష్పత్తి 1:50. అంటే నిజ యంత్రంలోని 50 సెంటీమీటర్లు నమూనాలో 1 సెంటీమీటరు. సుమారు 6 మీటర్ల పొడవుండే జేసీబీ 12 సెంటీమీటర్లకు కుదురుతుంది. 165 సెంటీమీటర్ల మనిషి 3.3 సెంటీమీటర్లు అవుతాడు. రైలు నమూనాల పక్కన పెట్టేవాటికి 1:87, వ్యవసాయ ట్రాక్టర్లతో కలిపి పెట్టేవాటికి 1:32, పిల్లలు మట్టిలో ఆడుకునే గట్టి ప్లాస్టిక్ యంత్రాలకు 1:16 వాడుకలో ఉన్నాయి. రిమోట్‌తో నడిచే పెద్ద నమూనాలు చాలావరకు 1:14లో వస్తాయి.

పొడవు 50 వంతులు తగ్గితే ఘనపరిమాణం 1,25,000 వంతులు తగ్గుతుంది. ఒక ఘనపు మీటరు మట్టి పట్టే బకెట్టు 1:50 నమూనాలో 8 మిల్లీలీటర్లే పడుతుంది. ఏడున్నర టన్నుల యంత్రం లెక్క ప్రకారం 60 గ్రాములే తూగాలి. కానీ అంత పలుచని రేకుతో పోత పోయడం సాధ్యం కాదు కాబట్టి లోహపు నమూనాలు అంతకంటే బాగా బరువుంటాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు ఘనాల లెక్క పలక మీద చెప్పడం కన్నా ఈ బకెట్టులో ఇసుక పోసి చూపిస్తే వెంటనే తలకెక్కుతుంది.

చరిత్ర

ఈ నమూనాల చరిత్రలో రోడ్డు రోలర్‌కు ప్రత్యేక స్థానం ఉంది. లండన్‌లో 1947లో మొదలైన లెస్నీ కంపెనీ, 1948లో అవెలింగ్ బార్ఫర్డ్ డీజిల్ రోడ్డు రోలర్‌ను తన తొలి బొమ్మగా తెచ్చింది. ఆ కంపెనీ భాగస్వామి జాక్ ఒడెల్ కుమార్తె చదివే బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలనే తీసుకురానిచ్చేవారు. ఆయన ఆ రోలర్‌నే ఇంకా చిన్నదిగా చేసి కూతురికిచ్చాడు. 1953లో వచ్చిన ‘మ్యాచ్‌బాక్స్’ వరుస అలా పుట్టింది. ఆ వరుసలో మొదటి మూడు బొమ్మలూ నిర్మాణ యంత్రాలే: రోడ్డు రోలర్, డంపర్, సిమెంట్ మిక్సర్.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు టోంకా కంపెనీ 1947లో ఉక్కు రేకుతో ఆవిరి పార, క్రేన్ బొమ్మలు తెచ్చి ఈ దారి పట్టింది. అయోవా రాష్ట్రంలో 1945లో మొదలైన ఎర్టల్ కంపెనీ ట్రాక్టర్ నమూనాలకు పేరుపడింది. కచ్చితమైన కొలతల నమూనాలకు మాత్రం జర్మనీలోని న్యూరెంబర్గ్ పరిసరాలే కేంద్రమయ్యాయి. 1968లో అక్కడ స్థాపించిన ఎన్‌జెడ్‌జీ, ఆ నగరం పక్కనే కాల్క్‌రాయిత్‌లో ఉన్న కాన్రాడ్ ఈ రంగంలో పేరున్న సంస్థలు. మొదట్లో వీటిని దుకాణాల కోసం చేయలేదు. యంత్రాల కంపెనీలు తమ డీలర్లకూ, కొనుగోలుదార్లకూ కానుకలుగా ఇవ్వడానికి చేయించుకునేవి. మ్యూనిక్‌లో 1954 నుంచి జరుగుతున్న బౌమా యంత్ర ప్రదర్శనకు వెళ్లే సేకర్తలు ఇప్పటికీ కొత్త నమూనాల కోసం వెతుకుతారు. మన దేశంలో నిజ యంత్రాలన్నింటినీ ఒకేచోట చూడాలంటే బెంగళూరులో రెండేళ్లకోసారి జరిగే ఎక్స్‌కాన్ ప్రదర్శన ఉంది.

తెలుగువారికి వస్తువులు కూడబెట్టి చూపడం కొత్త కాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇతర కళాఖండాలతో పాటు పిల్లల విభాగం, అందులో బొమ్మల సేకరణ ఉన్నాయి. ఇళ్లలో పెట్టే బొమ్మల కొలువు కూడా కుటుంబ సేకరణే. అమ్మమ్మ కాలపు బొమ్మ పక్కన ఈ ఏడు కొన్న బొమ్మ మెట్ల మీద చేరుతుంది. యంత్రాల నమూనాలకూ ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది.

తయారీ

మంచి నమూనాలను జమాక్ అనే మిశ్రలోహంతో పోత పోస్తారు. ఇందులో ప్రధానంగా జింకు, సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా మెగ్నీషియం ఉంటాయి. సుమారు 385 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి ఉక్కు అచ్చుల్లోకి ఒత్తిడితో పంపి సన్నని వివరాలు సైతం రాబట్టవచ్చు. హైడ్రాలిక్ గొట్టాలు, క్యాబిన్ అద్దాలు, అద్దం తుడిచే పుల్లలు ప్లాస్టిక్‌తో చేస్తారు. చైను బండ్లకు లోహపు చైను ముక్కలు ఒక్కొక్కటిగా కూర్చినవి ఉత్తమం. బూమ్, బకెట్టు నిజ యంత్రంలా మడవాలి, ఎత్తిన చోట నిలవాలి. నమూనా నాణ్యతను సేకర్తలు ముందుగా చూసేది ఇక్కడే.

నల్లగొండ, పాలమూరు నేపథ్యం

రామన్నపేట 2016 అక్టోబరు 11 వరకు నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. బీబీనగర్–నడికుడి రైలు మార్గం ఈ ఊరి మీదుగా వెళ్తుంది. సమీపంలోని చిట్యాల వద్ద హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి ఉంది. రైలు కట్ట, నాలుగు వరుసల దారి, చెరువు కట్టలు, కాలువలు, బోర్లు అన్నీ చుట్టూ ఉన్నందున, ఏ యంత్రం ఏ పనికో పుస్తకం తెరవకుండానే ఇక్కడి పిల్లలు చెప్పగలరు. వెనక కొక్కెం చేయి, ముందు తొట్టి ఉండే రబ్బరు చక్రాల బండి జేసీబీ. చైన్ల మీద నడిచి గుండ్రంగా తిరిగేది ప్రొక్లెయిన్. మొదటిది 1945లో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ స్థాపించిన బ్రిటన్ కంపెనీ పేరు. ఆ కంపెనీ 1979లో హరియాణాలోని బల్లభ్‌గఢ్‌లో తయారీ మొదలుపెట్టింది. రెండోది ఫ్రాన్సుకు చెందిన పొక్లెయిన్ కంపెనీ పేరు నుంచి వచ్చింది.

యంత్రాలకు ముందు ఇదంతా పార, గడ్డపార, తట్టలతో జరిగిన పని. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ ఆనకట్టను ప్రధానంగా మనుషుల చేతులతో, రాతి కట్టడంగా లేపారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. సుమారు 124 మీటర్ల ఎత్తున్న ఆ కట్టడం ప్రపంచంలోని అతిపెద్ద రాతి ఆనకట్టల్లో ఒకటి. 1:50లో దాని ఎత్తు రెండున్నర మీటర్లు. దాని పాదం దగ్గర 3.3 సెంటీమీటర్ల కూలీని నిలబెడితే ఆ శ్రమ ఎంతటిదో తెలుస్తుంది. గుంపు మేస్త్రీల వెంట దేశంలోని ప్రాజెక్టులకు వలస వెళ్లిన పాలమూరు కూలీలు, రాతిపని, మట్టిపని కులవృత్తిగా చేసిన వడ్డెరలు ఈ చరిత్రకు అసలు నాయకులు. యంత్రాలు వచ్చాక వారి నడుములకు విశ్రాంతి దొరికింది, కానీ చాలామందికి పనీ పోయింది. సేకరణలో ఈ రెండు నిజాలకూ చోటుండాలి.

ఇటీవలి పనులూ నమూనాలకు విషయాలే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టారు. వేసవిలో ఎండిన చెరువులోకి ప్రొక్లెయిన్లు దిగి పూడిక తీస్తే, రైతులు ఆ నల్లమట్టిని ట్రాక్టర్లలో చెల్క పొలాలకు తోలుకున్నారు. ఫ్లోరైడ్ పీడించిన ఈ ప్రాంతానికి కృష్ణా నీళ్లు తేవడానికి మిషన్ భగీరథ పైపుల కోసం ఊరూరా జేసీబీలు కందకాలు తవ్వాయి. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కోసం తెచ్చిన తొలిచే యంత్రం సుమారు 10 మీటర్ల వ్యాసం గలది. 1:50లో అది 20 సెంటీమీటర్లు. సుమారు 44 కిలోమీటర్ల ఆ సొరంగం 1:50లో 880 మీటర్లు వస్తుంది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద ఆ సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోయారు. అటువంటి యంత్రం నమూనా పెట్టేవారు పక్కనే వారి జ్ఞాపకంగా ఒక చీటీ ఉంచడం మర్యాద.

ఇక్కడి సేకరణలో తప్పక ఉండాల్సింది బోరు బండి. ఒక లారీ మీద డ్రిల్లింగ్ యంత్రం, మరో లారీ మీద కంప్రెసర్, వెనక ఇనుప రాడ్లు. గాలి ఒత్తిడితో సుత్తి బండను పొడి చేస్తే ఆ దుమ్ము పైకి ఎగజిమ్ముతుంది. వెయ్యి అడుగుల బోరు 1:50లోనే 20 అడుగులు, అంటే మామూలు ఇంటి గది ఎత్తుకు రెట్టింపు. నీళ్ల కోసం రైతు ఎంత లోతుకు అప్పు చేసి దిగాడో పిల్లలకు ఇంతకన్నా సూటిగా చూపే కొలత లేదు.

చేతితో చేసే నమూనాలు

కంపెనీ నమూనాలు ఒక్కోటి వేల రూపాయలు పలుకుతాయి. అయినా డబ్బు లేదని ఈ అభిరుచికి దూరం కావలసిన పనిలేదు. తాటికాయల చక్రాల బండి, జొన్న దంటు బెండుతో కట్టిన ఎడ్లబండి, తెగిన చెప్పుల నుంచి కోసిన చక్రాలు ఇక్కడి పిల్లలకు తెలిసిన విద్యే. దానికి అట్టముక్కలు, ఐస్‌క్రీం పుల్లలు, సూది లేని సిరంజీలు చేర్చితే పనిచేసే జేసీబీ తయారవుతుంది.

రెండు సిరంజీలను సన్నని గొట్టంతో కలిపి రంగు నీళ్లు నింపాలి. ఒకదాన్ని నొక్కితే రెండోది బయటికి వస్తుంది, దానికి కట్టిన బూమ్ లేస్తుంది. మూసి ఉన్న ద్రవం మీద పెట్టిన ఒత్తిడి అన్నివైపులకూ సమానంగా ప్రసరిస్తుందన్న పాస్కల్ సూత్రం ఇదే. నొక్కే సిరంజీ కన్నా లేపే సిరంజీ వైశాల్యం రెట్టింపైతే బలం రెట్టింపవుతుంది, కదిలే దూరం సగమవుతుంది. గొట్టంలో గాలి బుడగ ఉండకూడదు. నీళ్లు నొక్కుకుపోవు, గాలి నొక్కుకుపోతుంది కాబట్టి బుడగ ఉంటే చేయి వణుకుతుంది. బూమ్‌కు, చేయికి, బకెట్టుకు ఒక్కో జత చొప్పున మూడు జతలు సరిపోతాయి. ఇదే అమరిక నిజమైన జేసీబీలోనూ ఉంటుంది, అక్కడ నీళ్లకు బదులు నూనె.

కుటుంబంలో పద్ధతి

ముందుగా ఒక నిష్పత్తిని ఎంచుకోవాలి. 1:50, 1:32 నమూనాలు పక్కపక్కన పెడితే రెండూ అబద్ధంగా కనిపిస్తాయి. తర్వాత ఒక విషయం ఎంచుకోవాలి: చెరువు పూడిక, రోడ్డు పని, కంకర క్రషర్, బోరు బండి. యంత్రాల సంఖ్య కన్నా దృశ్యం ముఖ్యం. ఒక ప్రొక్లెయిన్, రెండు ట్రాక్టర్లు, ఒక టిప్పర్ ఉంటే చెరువు పని పూర్తిగా చూపవచ్చు. ఐదు మీటర్ల చెరువు కట్టకు 10 సెంటీమీటర్ల ఎత్తు చాలు. దానికి ఊరి చెల్క మట్టినే పలుచని బట్టలో జల్లించి వాడుకోవాలి. మొరం, కంకర రేణువులు కూడా కొలతకు తగ్గవే ఏరాలి.

పని పంపకం ఇంట్లోనే తేలుతుంది. కొలతలు, లెక్కలు చదువుకునే పిల్లలవి. దృశ్యం అమరిక, రంగులు వాటి మీద ఆసక్తి ఉన్నవారివి. యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పడం ఆపరేటరుగానో మెకానిక్‌గానో పనిచేసిన బంధువుది. మట్టిపని చేసిన తాత, అమ్మమ్మ ఉంటే వారి మాట అన్నిటికన్నా విలువైనది. ఒక తట్టలో ఎంత మట్టి పట్టేది, తవ్విన గుంతను ఎలా కొలిచి కూలి కట్టేవారు, ఏ ప్రాజెక్టుకు ఎన్నేళ్లు వెళ్లారు అని అడిగి రాసుకోవాలి. ప్రతి నమూనాకూ ఒక చీటీ ఉండాలి: యంత్రం పేరు, నిష్పత్తి, కొన్న లేదా చేసిన సంవత్సరం, ఆ పని మన ఊళ్లో ఎక్కడ జరిగింది, యంత్రానికి ముందు ఎవరు ఎలా చేసేవారు.

సంరక్షణ, భద్రత

వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో ఎండ, దుమ్ము ప్రధాన శత్రువులు. నేరుగా ఎండపడే కిటికీ దగ్గర పెడితే రబ్బరు చైన్లు గట్టిపడి చిట్లుతాయి, రంగులు వెలుస్తాయి. అద్దాల అలమారా మంచిది. దుమ్మును తడిబట్టతో కాక మెత్తని కుంచెతో దులపాలి. వాడనప్పుడు బ్యాటరీలు తీసేయాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి జింకు నమూనాల్లో సీసం కలిసినవి తేమకు లోపలి నుంచి ఉబ్బి పగుళ్లిస్తాయి. దానికి మందు లేదు, పాతవి కొనేటప్పుడు పగుళ్లు చూసుకోవాలి.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. సేకర్తల నమూనాలు చాలావరకు 14 ఏళ్లు దాటినవారికని ముద్రించి ఉంటాయి. వాటి చిన్న భాగాలు పసిపిల్లల నోట పడితే ప్రమాదం. చిన్నవాళ్లకు గట్టి ప్లాస్టిక్ బండ్లు, మట్టి కుప్ప ఇచ్చి, లోహపు నమూనాలను పెద్దల చేతి ఎత్తులో పెట్టడం మేలు. సిరంజీలు ఎప్పుడూ కొత్తవే కొనాలి, ఆసుపత్రిలో వాడినవి ఇంటికి తేకూడదు.

ప్రాముఖ్యం

యంత్రాల నమూనాలు ప్రపంచంలో ఎక్కడైనా కొనుక్కోవచ్చు. ఒక ఊరి మట్టిపని చరిత్ర మాత్రం ఆ ఊరి ఇళ్లలోనే దొరుకుతుంది. సాగర్ కట్టినవారిలో, కాలువలు తవ్వినవారిలో బతికి ఉన్నవారు ఇప్పుడు వృద్ధులు. రామన్నపేటలోనైనా, నాగర్‌కర్నూల్ పల్లెల్లోనైనా ఈ అభిరుచి మొదలుపెట్టే కుటుంబం అలమారాలో మొదటి యంత్రంతో పాటు ఇంటి పెద్దలు వాడిన పారను, తట్టను కూడా ఉంచాలి, వారు చెప్పింది ఈ ఏడాదే రాసిపెట్టాలి.