కారు టైరు కొలతలు

కారు టైరు కొలత అనగా టైరు వెడల్పును, పక్కగోడ ఎత్తును, టైరు ఎక్కవలసిన రిమ్ము వ్యాసమును తెలిపే సంకేతము. ఇది టైరు పక్కగోడపై అచ్చు వేయబడి ఉంటుంది. అరిగిన టైరును గాని, చక్రమును గాని మార్చునపుడు ఈ సంకేతము ఆధారంగానే కొత్తదానిని ఎన్నుకుంటారు. టైరు రిమ్ముకు పట్టినంత మాత్రాన కారుకు సరిపోయినట్లు కాదు. టైరు బయటి వ్యాసము, మోయగల బరువు, వేగ పరిమితి కూడా సరిపోవలెను.

సంకేతము చదివే విధానము

ఉదాహరణకు 185/65 ఆర్15 88హెచ్ అనే సంకేతమును తీసుకొనవచ్చును.

* 185 - టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
* 65 - పక్కగోడ ఎత్తు వెడల్పులో 65 శాతం, అనగా 120.25 మి.మీ.
* ఆర్ - రేడియల్ నిర్మాణము.
* 15 - రిమ్ము వ్యాసము, అంగుళాలలో (381 మి.మీ.).
* 88 - భార సూచిక. ఈ టైరు 560 కిలోల వరకు మోయగలదు.
* హెచ్ - గరిష్ఠ వేగము గంటకు 210 కి.మీ.

బయటి వ్యాసము

రిమ్ము వ్యాసమునకు పక్కగోడ ఎత్తును రెండింతలు చేసి కలిపిన టైరు బయటి వ్యాసము వస్తుంది. పై టైరుకు ఇది 381 + 240.5 = 621.5 మి.మీ. మన దేశములో 2011లో వచ్చిన మారుతి స్విఫ్ట్ కారులో కొన్ని రకాలకు 165/80 ఆర్14, పై రకాలకు 185/65 ఆర్15 టైర్లు అమర్చారు. మొదటిదాని వ్యాసము 619.6 మి.మీ. వెడల్పు, రిమ్ము వేరైనా బయటి వ్యాసములలో తేడా 2 మి.మీ. కూడా లేదు. అందువలన స్పీడోమీటరు చూపే వేగము మారదు.

దీనికి భిన్నంగా, అదే 15 అంగుళాల రిమ్ముకు 195/65 టైరు వేసిన వ్యాసము 634.5 మి.మీ. అవుతుంది. ఇది 2.1 శాతం ఎక్కువ. స్పీడోమీటరు 100 చూపునపుడు కారు వాస్తవానికి సుమారు 102 కి.మీ. వేగముతో పోతుంది. చక్రము తిప్పినపుడు టైరు లోపలి భాగములకు రాచుకొనే అవకాశము కూడా ఉన్నది.

భార సూచిక

88కి బదులు 82 సూచిక గల టైరు వేసిన, దాని సామర్థ్యము 475 కిలోలే. నాలుగు టైర్లకు కలిపి 340 కిలోలు తగ్గుతుంది. కావున కొత్త టైరు భార సూచిక, వేగ సూచిక తయారీదారు చెప్పినదానికంటే తక్కువ కారాదు. ఈ వివరములు, గాలి పీడనము సాధారణంగా డ్రైవరు తలుపు చట్రముపై అంటించిన పట్టీలోను, కారుతో ఇచ్చే పుస్తకములోను ఉంటాయి.

చక్రము మార్చునపుడు

అల్లాయ్ చక్రములు కొనునపుడు రిమ్ము వెడల్పు, బోల్టు రంధ్రముల సంఖ్య, అవి ఉండే వృత్తము వ్యాసము, మధ్య రంధ్రము, ఆఫ్‌సెట్ సరిచూడవలెను. 185/65 ఆర్15 టైరుకు 5 నుండి 6.5 అంగుళాల వెడల్పు గల రిమ్ములు సరిపోతాయి. ఒకే ఇరుసుకు రెండు వైపులా ఒకే కొలత టైర్లు ఉండవలెను.

విశాఖపట్నంలో

విశాఖపట్నం నుండి శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్ళే దారిలో అనంతగిరి ఘాట్ రోడ్డు ఉన్నది. నిండా మనుషులు, సామానుతో ఈ మలుపులు దిగునపుడు టైర్లపై, బ్రేకులపై భారము అధికము. అందుచేత ఇక్కడ భార సూచికకు ప్రాముఖ్యత ఎక్కువ. సముద్రపు ఉప్పుగాలికి ఉక్కు రిమ్ములు తుప్పు పడతాయి. టైరు అంచు ఆనుకొనే చోట తుప్పు పడితే ట్యూబ్‌లెస్ టైరు నుండి గాలి మెల్లగా కారిపోతుంది. కావున టైరు మార్చునపుడు రిమ్ము అంచును శుభ్రపరచవలెను. గుంతల దారులలో పక్కగోడ మరీ పొట్టిగా ఉన్న టైర్లు వాడితే రిమ్ము వంగే ప్రమాదము ఎక్కువ.

నిబంధనలు

కేంద్ర మోటారు వాహన నిబంధనలు, 1989 ప్రకారము కారు టైరు గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గరాదు. భారత ప్రమాణముల సంస్థ కారు టైర్లకు నిర్దేశించిన ప్రమాణము ఐఎస్ 15633. టైరుపై ఐఎస్ఐ గుర్తుతో పాటు తయారీ తేదీని కూడా చూడవలెను. నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపుతాయి. ఉదాహరణకు 2319 అనగా 2019లో 23వ వారము.