పరగడుపున కండరము పనిచేయు విధము

పరగడుపున వ్యాయామము చేసినచో కండరములు నీరసించునా అని విద్యార్థులు తరచు అడుగుచుందురు. ఈ ప్రశ్నకు సగము సమాధానము మన పాలకొల్లుకు దగ్గరలోని భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనలలో కలదు.

ఆయన 1923లో బోస్టన్ చేరునాటికి కండర సంకోచమునకు లాక్టిక్ ఆమ్లమే కారణమని శాస్త్రజ్ఞులు నమ్ముచుండిరి. 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును హిల్, మేయర్‌హాఫ్‌లు పొందినదియు కండరములను గూర్చిన కృషికే. సుబ్బారావుగారును, హార్వర్డులో ఆయనతో పనిచేసిన ఫిస్కేయును ఆ వాదము జోలికి పోలేదు. భాస్వరమును కొలుచుటకు 1925లో తాము ప్రకటించిన రంగు పద్ధతితో కండర ద్రవమును పరీక్షించిరి. రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఇంకొకరైనచో దానిని కొలతలోని లోపమని తోసివేసి యుందురు. వీరు వెంటబడి, ఆ ఆలస్యమునకు కారణమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో లోకమునకు చూపిరి. కండరము పనిచేయునప్పుడు ఇది తరుగును, విశ్రాంతిలో మరల పెరుగును. 1929లో ఏ.టి.పి.ని వేరుచేసిరి. ఆ ఏడే జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. 1930లో డెన్మార్కువాడైన లుండ్స్‌గార్డ్ లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసినను కండరము ముడుచుకొనుట చూపగా పాత సిద్ధాంతము కూలిపోయినది. హిల్ దానిని విప్లవమని ఒప్పుకొనెను. బహుమానము పొందినవాని నోట ఆ మాట వచ్చుట గొప్పయే.

ఈ రెండు పదార్థములును కండరములోనే యుండును గనుక, కొన్ని క్షణముల బరువుపనికి ఉదయపు చద్దన్నముతో నిమిత్తము లేదు. దీర్ఘశ్రమ సంగతి వేరు. అదే బోస్టన్‌లో 1924 మారథాను ముగిసినప్పుడు వైద్యులు పరుగువీరుల రక్తము తీసి చూడగా, మిక్కిలి అలసి సొలసిన వారిలో చక్కెర బాగుగా పడిపోయి యుండెను. మరుసటి యేడు వారికి ముందునాడు పిండిపదార్థములు, పరుగులో మిఠాయి ఇచ్చిరి. ఆ దుస్థితి చాలవరకు తప్పినది.

కారణమేమి? పెద్దవారి కాలేయములో గ్లైకోజన్ సుమారు 100 గ్రాములు, కండరములలో సుమారు 400 గ్రాములు ఉండును. రాత్రి భోజనము తరువాత తెల్లవారులోపల తరుగునది ముఖ్యముగా కాలేయపు నిలువయే. కండరము తన గ్లైకోజన్‌ను తానే వాడుకొనును. చక్కెరగా రక్తములోనికి విడుచుటకు తగిన ఎంజైము దానికి లేదు. కనుక పరగడుపున ఎక్కువ సేపు పరుగెత్తినచో కండరము క్రొవ్వును హెచ్చుగా మండించుచు నెట్టుకొని వచ్చును గాని, రక్తములోని చక్కెరపై ఆధారపడిన మెదడు ముందుగా ఇబ్బంది పడును. ఉదయపు డ్రిల్లులో తూలిపడు బాలుని కండరములలో ఇంధనము మిగిలియే యుండును. ఎండలో కదలక నిలుచుటచే రక్తము కాళ్లలో నిలిచిపోవుటయు ఆ తూలుటకు తోడగును.