మందుకు తోడు వెలుగు

గుంటూరు నుంచి తెనాలి వెళ్ళే దారిలో నందివెలుగు అనే ఊరుంది. ఊరి పేరులోనే వెలుగుంది. వెలుగంటే జ్ఞానమనీ, దైవమనీ చెప్పుకోవడం మనకు అలవాటు. వెలుగు కూడా ఒక మందేనంటే మాత్రం కొత్తగా వినిపిస్తుంది.

నిజానికి కొత్తేమీ కాదు. బొల్లి మచ్చలకు బావంచాలు నూరి పట్టించి, రోగిని ఎండలో కూర్చోబెట్టడం మన వైద్యులకు పూర్వం నుంచీ తెలుసు. ఉట్టి బావంచాలు చాలవు, ఉట్టి ఎండా చాలదు. రెండూ కలవాలి. ఆ గింజల్లో సోరలెన్ అనే పదార్థం ఉందనీ, అతినీలలోహిత కిరణాలు తగిలితేనే అది పనిచేస్తుందనీ తర్వాత శాస్త్రజ్ఞులు తేల్చారు.

ఇలాంటి సంగతే మరో రూపంలో జర్మనీలోని మ్యూనిక్‌లో బయటపడింది. టాపైనర్ అనే ఆచార్యుడి దగ్గర ఆస్కార్ రాబ్ అనే వైద్యవిద్యార్థి ఉండేవాడు. పారమీసియం అనే సూక్ష్మజీవుల మీద ఆక్రిడిన్ రంగు ఎలా పనిచేస్తుందో చూస్తున్నాడు. మోతాదు ఒక్కటే. అయినా ఒకనాడు జీవులు తొందరగా చచ్చాయి, మరొకనాడు చాలాసేపు బతికాయి. ఇంకొకరైతే ఎక్కడో లెక్క తప్పిందిలే అనుకునేవారు. రాబ్ ఊరుకోలేదు. తేడా మందులో లేదు, దాని మీద పడిన వెలుతురులో ఉందని పట్టుకుని 1900లో ప్రకటించాడు. ఈ పనికి ప్రాణవాయువు కూడా కావాలని టాపైనర్ బృందం తెలుసుకుంది. దీపానికి వత్తీ, నూనే ఉన్నా గాలి ఆడకపోతే కొండెక్కుతుంది కదా, అలాగన్నమాట.

1912లో మేయర్ బెట్జ్ అనే వైద్యుడు రక్తం నుంచి తీసిన హెమటోపోర్ఫిరిన్‌ను తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. ఎండలోకి వెళ్ళాడు. మొహం గుమ్మడికాయలా వాచింది. ఎండ పొడ పడని స్థితి వారాల తరబడి పోలేదు. పాపం, శాస్త్రానికి అదొక మెట్టయింది. అదే జాతి మందుతో అమెరికాలో డౌహర్టీ అనే ఆయన 25 మంది రోగులకు చికిత్స చేసి, 113 గడ్డల్లో 111 కరిగాయనో, తగ్గాయనో 1978లో రాశాడు. అవి చర్మం మీదా, చర్మం కిందా ఉన్న గడ్డలు.

మెదడు సంగతి వేరు. దానికి ఎముక పెట్టె ఉంది. మెదడు ఆపరేషనంటే ఒకప్పుడు మనవాళ్ళు వెల్లూరు, మద్రాసు రైళ్ళెక్కేవారు. వెల్లూరులో జేకబ్ చాందీ 1949లో, మద్రాసులో రామమూర్తి 1950లో ఆ విభాగాలు మొదలెట్టారు. గ్లయోబ్లాస్టోమా అనే చెడ్డ గడ్డతో వచ్చిన చిక్కేమిటంటే, వరిచేలో ఊదలా అది మంచి మెదడులో కలిసిపోయి ఉంటుంది. ఏది పైరో ఏది కలుపో కంటికి తెలియదు.

ఇక్కడ వెలుగు రెండు రకాలుగా అక్కరకొచ్చింది. ఒకటి, చూపించడం. ఎ.ఎల్.ఏ. అనేది మన ఒంట్లోనే రక్తపు ఎరుపు తయారీకి పనికొచ్చే పదార్థం. ఆపరేషనుకు కొన్ని గంటల ముందు దాన్ని తాగిస్తారు. గడ్డ కణాల్లో పోర్ఫిరిన్ పోగుపడుతుంది. నీలి వెలుతురు వేస్తే అవి ఎర్రగా మెరుస్తాయి. ఇలా చూస్తూ కోస్తే, స్కానులో కనపడే గడ్డంతా తీయగలిగింది వందకు 65 మందిలో. మామూలు వెలుతురులో 36 మందిలోనే. ఇది 2006లో జర్మనీ వైద్యులు ప్రకటించిన లెక్క. అమెరికా 2017లో ఈ పద్ధతికి అనుమతిచ్చింది.

రెండోది, చంపడం. గడ్డ తీసిన గుంటలో ఎర్రని లేజరు వేస్తే, మందు పట్టిన కణాలు అక్కడికక్కడే చస్తాయి. 1980 నాటికే ఇటలీలో ప్రయత్నించారు. జపాను 2013లో టాలపోర్ఫిన్ అనే మందుతో దీన్ని ఆమోదించింది.

అయితే, “డాక్టరుగారూ, కోత లేకుండా లైటుతో పోతుందటగా?” అని అడిగేవాళ్ళున్నారు. పోదు. ముందు పుర్రె తెరవాలి, గడ్డ తీయాలి. వెలుగు మెదడులోకి దిగేది మిల్లీమీటర్ల లెక్కన. కలుపు వేళ్ళు అంతకంటే లోతుకు పోతాయి. అందుకే తర్వాత రేడియేషనూ, మాత్రలూ తప్పవు. అవన్నీ చేసినా ఈ జబ్బు మనిషికి ఇచ్చే గడువు సగటున ఏడాదికి కాస్త పైనే.

అందుచేత, ఎక్కడో అద్భుతం జరిగిందని విని ఎకరం బేరం పెట్టేముందు, ఇది చూపించే వెలుగా, చంపే వెలుగా, మా మనిషికి దీనివల్ల ఎన్నాళ్ళు కలిసొస్తాయని డాక్టరుని నిలదీసి అడగండి. తప్పులేదు. కుర్రవాడు రాబ్ కూడా తేడా ఎందుకొచ్చిందని అడగబట్టే ఇంత కథ నడిచింది.