వెస్ట్ మీద మ్యాగజైన్ చోటు: పౌచ్‌ల అమరికకు ఉన్న ఆధారాలెన్ని?

విశాఖ రైల్వే స్టేషన్ నుంచి కంచరపాలెం మీదుగా ఎన్ఏడీ వైపు వెళ్లే దారిలో యూనిఫాం కనిపించని పూట ఉండదు. స్టేషన్‌లో ఆర్పీఎఫ్, పోర్టులో, ఉక్కు కర్మాగారంలో సీఐఎస్ఎఫ్, తీరం వెంట నేవీ, మెరైన్ పోలీసులు, పైన ఏజెన్సీలో నక్సల్ వ్యతిరేక దళం గ్రేహౌండ్స్. వీళ్లలో చాలామంది ఒంటి మీద ఒకప్పటి తోలు బెల్టు, కాన్వాస్ పౌచ్ పోయి నైలాన్ వెస్ట్ వచ్చింది. వెస్ట్ వచ్చాక కొత్త ప్రశ్నా వచ్చింది. పౌచ్ ఎక్కడ తగిలించాలన్నది ఇప్పుడు తొడుక్కునేవాడి చేతిలోనే ఉంది. ఎక్కడ తగిలిస్తే తుపాకీ త్వరగా రీలోడ్ అవుతుంది?

అమ్మేవాళ్లు ఈ ప్రశ్నకు పౌచ్ రకం చూపించి జవాబు చెబుతారు. మూత లేనిది, ఎలాస్టిక్ ఉన్నది, గట్టి ప్లాస్టిక్‌తో చేసినది అంటారు. నా వాదన వేరు. దొరికే ఆధారాలను వరసగా పేర్చి చూస్తే పౌచ్ రకానికి దక్కే వాటా తక్కువ. మోసే బరువు, మారని చోటు, పట్టు తప్పకుండా ఉండటం, ఈ మూడే ఎక్కువ లెక్కకొస్తాయి.

ముందుగా పౌచ్ చేతిలో ఎంత ఉందో చూద్దాం. రీలోడ్ అంటే ఒక్క కదలిక కాదు. తుపాకీ ఖాళీ అయిందని గుర్తించాలి. ఎడమ చేయి పౌచ్ దగ్గరకు వెళ్లాలి, మ్యాగజైన్ పట్టుకుని బయటకు లాగాలి, దాన్ని తుపాకీలో కూర్చాలి, రౌండ్‌ను ఛాంబర్‌లోకి ఎక్కించాలి. మామూలు ఏకేలో చివరి రౌండ్ పేలాక బోల్ట్ వెనక్కి ఆగి ఉండదు. ట్రిగ్గర్ నొక్కితే ‘టక్’మని ఖాళీ చప్పుడు వచ్చేదాకా చాలామందికి విషయం తెలియదు. మ్యాగజైన్ ముందు అంచును ముందుగా తగిలించి, తర్వాత వెనక్కి తిప్పి బిగించాలి. పాత ఎస్ఎల్ఆర్‌దీ ఇదే పద్ధతి. ఎం4 రకానికి మాత్రం నిటారుగా పైకి తోస్తే చాలు. ఖాళీ అయిందని గుర్తించడం, మ్యాగజైన్ కూర్చడం, బోల్ట్ లాగడం తుపాకీకీ సాధనకూ సంబంధించినవి. పౌచ్ మార్చి తగ్గించగలిగేది చేయి వెళ్లి రావడానికీ మ్యాగజైన్ లాగడానికీ పట్టే సమయాన్నే. కొత్త పౌచ్‌తో రీలోడ్ సగానికి తగ్గుతుందని ఎవరైనా అంటే, మిగిలిన పనుల సమయం ఎక్కడికి పోయిందని అడగాలి.

వెనకటి కిట్లలో చోటు ఎంచుకునే బాధ లేదు, ఎందుకంటే ఎంపికే లేదు. .303 రైఫిల్ కాలంలో ఐదేసి రౌండ్ల క్లిప్పులు పెట్టుకునే గుడ్డ బాండోలియర్‌ను భుజానికి అడ్డంగా వేసుకునేవారు. ఒక్కోదానిలో 50 రౌండ్లు పట్టేవి. 1937 నమూనా బ్రిటిష్ వెబ్ ఎక్విప్‌మెంట్‌లో ముందువైపు ఉండే రెండు పెద్ద పౌచ్‌లను బ్రెన్ గన్ మ్యాగజైన్ పట్టేలా చేశారు. అవి ఉన్నచోటే ఉంటాయి. 1990ల చివర్లో అమెరికా సైన్యం తెచ్చిన మాలీ పద్ధతితో పరిస్థితి మారింది. అంగుళం వెడల్పు నైలాన్ పట్టీలను అంగుళం ఎడంతో అడ్డంగా వేసి, ప్రతి ఒకటిన్నర అంగుళానికి ఒక కుట్టు వేస్తారు. ఆ గళ్లలో ఏ పౌచ్‌నైనా ఎక్కడైనా అల్లి బిగించవచ్చు. ఈ స్వేచ్ఛ మంచిదే. కానీ ఖాళీ గడి కనిపిస్తే ఏదో ఒకటి తగిలించాలనిపిస్తుంది, బరువు అక్కడే మొదలవుతుంది.

30 రౌండ్లు నింపిన ఏకే ఉక్కు మ్యాగజైన్ సుమారు 820 గ్రాములు తూగుతుంది. అదనంగా నాలుగు మోస్తే 3.3 కిలోలు, ఆరు మోస్తే ఐదు కిలోల దరిదాపు. దీని అడుగున హార్డ్ ప్లేట్లున్న బుల్లెట్‌ప్రూఫ్ (బీపీ) జాకెట్ ఉంటే అదొక్కటే పది కిలోల దగ్గరకు వస్తుంది. నీళ్లు, వైర్‌లెస్ సెట్, తిండి వీటికి అదనం.

ఈ బరువు ఒంటి మీద ఎక్కడ ఉంటే తక్కువ శ్రమ అన్నదానికి మన దేశంలోనే జరిగిన పాత పరిశోధన ఒకటి ఉంది. దత్తా, రామనాథన్ అనే ఇద్దరు 1971లో ‘ఎర్గనామిక్స్’ పత్రికలో బరువు మోసే ఏడు పద్ధతులను పోల్చారు. నెత్తిన పెట్టుకోవడం, వీపు సంచి, ముందూ వెనకా రెండు సంచులు, నుదుటి పట్టీతో మోయడం, కావడి, చేతుల్లో పట్టుకోవడం వంటివి అందులో ఉన్నాయి. మోసిన బరువు 30 కిలోలు. ముందూ వెనకా సమంగా పంచిన పద్ధతికి అన్నిటికన్నా తక్కువ శక్తి ఖర్చయింది, చేతుల్లో మోయడానికి అన్నిటికన్నా ఎక్కువ. అంతకు రెండేళ్ల ముందు, 1969లో, సోల్, గోల్డ్‌మన్ మరో సంగతి తేల్చారు. పాదాలకు కట్టిన కిలో బరువు, మొండెం మీది కిలో కన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తి తింటుంది.

ఈ రెండు అధ్యయనాలూ మ్యాగజైన్ల గురించి కాదు. అయినా వాటి నుంచి వెస్ట్‌కు జాగ్రత్తగా రెండు మాటలు తీసుకోవచ్చు. ముందు మ్యాగజైన్లన్నీ వేలాడుతూ వెనక ఏమీ లేకపోతే ఆ బరువు ఒంటిని ముందుకు లాగుతుంది. నీళ్ల సంచినో మరో బరువునో వెనక్కి పంపడం తెలివైన పని. రెండోది, తొడకు కట్టే పౌచ్ చూడటానికి చేతికి దగ్గరగానే ఉంటుంది, కానీ అడుగు అడుగుకీ కాలితో పాటు ఊగుతుంది. తొడ మీది బరువు పాదం మీది బరువంత ఖరీదైనది కాకపోయినా మొండెం మీది దానికన్నా ఖరీదే. కూంబింగ్‌లో గంటల తరబడి కొండ ఎక్కేవాడు ఆ ధర చెల్లించాల్సిందే. స్టేషన్ గేటు దగ్గర నిలబడే జవానుకు అంత లెక్క లేదు. ఒకే అమరిక ఇద్దరికీ సరిపోదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఆధారం అక్కర్లేదు.

విశాఖ గాలి సంగతి విడిగా చెప్పుకోవాలి. ఇక్కడ చెమట పడుతుంది కానీ ఆరదు. ఒంటిని చల్లబరిచేది చెమట ఆరడమే, పట్టడం కాదు. బీపీ జాకెట్ ఛాతీని, వీపును మూసేస్తుంది. దాని చుట్టూ పక్కటెముకల దాకా పౌచ్‌లు కడితే చంకల కింద గాలి ఆడే కాస్త చోటూ పోతుంది. మే నెలలో ఆ జాకెట్‌తో పహరా కాసినవారికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి పక్కల కాస్త ఖాళీ వదలాలి, దీనికి చేతి కదలిక ఎంత కారణమో ఉక్కపోత కూడా అంతే కారణం.

ఇక వేగం. ఇందులో మూడు పాత ప్రయోగాలు దారి చూపుతాయి. 1952లో హిక్, ఎదుట ఉన్న ప్రత్యామ్నాయాలు పెరిగేకొద్దీ స్పందనకు పట్టే సమయం పెరుగుతుందని దీపాలు, మీటలతో చూపించాడు. 1954లో ఫిట్స్, చేయి వెళ్లాల్సిన దూరం పెరిగినా చేరాల్సిన లక్ష్యం చిన్నదైనా సమయం పెరుగుతుందని కొలిచాడు. 1977లో ష్నైడర్, షిఫ్రిన్, ఒకే గుర్తుకు ఎప్పుడూ ఒకే స్పందన ఉంటే సాధనతో ఆ పని దాదాపు ఆలోచన లేకుండా జరిగిపోతుందనీ, జత మారుతూ ఉంటే ఎంత సాధన చేసినా ఆ సులువు రాదనీ చూపారు. ఇవన్నీ గదిలో ప్రశాంతంగా చేసిన ప్రయోగాలు. వీటి అంకెలను ఎత్తుకొచ్చి ‘ఈ చోట ఇన్ని మిల్లీసెకన్లు మిగులుతాయి’ అనడం తప్పు. దిశ మాత్రం స్పష్టం. చేయి తక్కువ దూరం వెళ్లాలి, పట్టుకునే భాగం వేళ్లకు బాగా అందాలి, మొదటి మ్యాగజైన్ ఎప్పుడూ ఒకే చోట ఉండాలి.

మూడింటిలో చివరిదే ముఖ్యమని నా నమ్మకం. కంచరపాలెం పాత ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ నేర్చుకునే కుర్రాడు ఆకురాయిని ఏ రోజూ వేరే చోట పెట్టడు, తల ఎత్తకుండానే చేయి దాని మీద పడుతుంది. వెస్ట్ విషయంలో మాత్రం, మొన్న బెల్టు మీద, నిన్న ఛాతీ మీద, ఇవాళ పక్కన అంటూ ప్రతి కొత్త పౌచ్‌కూ చోటు మార్చేవాళ్లున్నారు. మార్చిన ప్రతిసారీ చేతికి అలవాటైనది పోతుంది. ఒక జట్టులో అందరిదీ ఒకే అమరిక అయితే ఇంకో మేలుంది. గాయపడ్డవాడి వెస్ట్ మీద రక్తస్రావం ఆపే టోర్నికే ఎక్కడుందో, మ్యాగజైన్ ఎక్కడుందో పక్కవాడు వెతుక్కోనక్కర్లేదు.

ఈ దిశనే ఒంటి మీదకు తెస్తే, కుడిచేతి వాటం ఉన్నవాడికి మొదటి మ్యాగజైన్ బొడ్డుకు కాస్త ఎడమగా, మోచేయి వంచితే అందే ఎత్తులో ఉంటే బాగుంటుంది. మిగిలినవి దాని నుంచి ఎడమ పక్కకు వరసగా ఉండాలి. అన్నీ మూతి కిందికి ఉంటే దుమ్ము పడదు, అడుగు భాగం చేతికి అందుతుంది. తూటాల ముఖం అన్నిటికీ ఒకే వైపు ఉండాలి. చీకట్లో వేలితో తడిమి తెలుసుకోవడానికి అదే గుర్తు. బట్ ఆనే కుడి భుజం దగ్గర ఏదీ ఉండకూడదు. ఖాళీ మ్యాగజైన్‌ను మళ్లీ నిండు మ్యాగజైన్ల వరసలో దోపకూడదు, దానికి వెనక ఎడమ వైపు వేరే సంచి ఉండాలి. ఒకదాని మీద ఒకటి రెండు వరసలు కడితే ఎక్కువ పడతాయి నిజమే, కానీ నేల మీద బోర్లా పడుకున్నప్పుడు ఛాతీ పైకి లేస్తుంది, దానితో పాటు తలా లేస్తుంది. జీపులో కూర్చున్నా ఆ మందం పొట్టలో గుచ్చుకుంటుంది.

మూత లేని పౌచ్ నుంచి మ్యాగజైన్ త్వరగా వస్తుంది. రావలసినప్పుడు వచ్చినంత సులువుగా, రాకూడనప్పుడూ వస్తుంది. పొదల్లో పాకుతున్నప్పుడు, గోడ దూకినప్పుడు జారిపడిన మ్యాగజైన్‌తో రీలోడ్ చేసే సమయం ఎంతో ఎవరూ కొలవరు, ఎందుకంటే అది లేదు. వెల్క్రో మూత గట్టిగా పట్టుకుంటుంది కానీ రాత్రి నిశ్శబ్దంలో దాని చప్పుడు దూరం వినిపిస్తుంది, బురద పట్టితే పట్టు తగ్గుతుంది. ఎలాస్టిక్ తాడు ఎండకు, చెమటకు సాగిపోతుంది. నా దృష్టిలో సబబైన రాజీ ఇది: చేతికి ముందుగా అందే ఒక్క పౌచ్‌ను ఎలాస్టిక్ పట్టుతో తెరిచి ఉంచి, మిగిలినవాటికి మూతలు ఉంచడం. మొదటి రీలోడ్‌కు ఉండేంత తొందర మూడోదానికి సాధారణంగా ఉండదు.

వేగం గురించిన చర్చల్లో నీటిని మరిచిపోతారు, ఈ ప్రాంతంలో మరిచిపోవడానికి వీల్లేదు. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్.వ్యాస్ ఆధ్వర్యంలో ఏర్పడిన గ్రేహౌండ్స్‌కు అతి పెద్ద నష్టం అడవిలో కాదు, నీటి మీద జరిగింది. 2008 జూన్ 29న ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని బలిమెల రిజర్వాయర్‌లో పడవ మీద వెళ్తున్న బలగాలపై మావోయిస్టులు దాడి చేశారు. పడవ మునిగింది, 38 మంది ప్రాణాలు పోయాయి. ఆ మరణాలకు ఫలానా కిట్ కారణమని నేను అనడం లేదు. కానీ ఐదు కిలోల మ్యాగజైన్లు, పది కిలోల జాకెట్ ఒంటి మీద ఉండగా నీళ్లలో పడ్డ మనిషికి కొన్ని క్షణాలే ఉంటాయన్నది ఊహ కాదు. చాలా వెస్ట్‌లకు ఒక్క లాగుతో విడిపోయే క్విక్ రిలీజ్ పట్టీ ఉంటుంది. రీలోడ్‌కు అందంగా కుదిరిందని దాని మీదే పౌచ్ బిగిస్తే ఆ పట్టీ ఉండీ లేనట్టే. పోర్టు పడవల్లో, మెరైన్ పోలీసు బోట్లలో తిరిగేవాళ్లు పౌచ్‌ల అమరికను ఆ పట్టీ దగ్గర నుంచి మొదలుపెట్టాలి. ఏ చేత్తోనైనా అది అందాకే మిగతావాటికి చోటు.

ఒక దళం తన అమరికను తానే పరీక్షించుకోవడం కష్టం కాదు. అయితే పద్ధతి ఉండాలి. సాధారణంగా పాత పౌచ్‌తో ఉదయం, కొత్త పౌచ్‌తో మధ్యాహ్నం రీలోడ్ చేయించి, కొత్తది వేగంగా ఉందని రాసేస్తారు. మధ్యాహ్నానికి చేతులు అలవాటు పడి ఉంటాయి కాబట్టి ఏ పౌచ్ అయినా వేగంగానే ఉంటుంది. అందుకే సగం మందికి పాతది ముందు, సగం మందికి కొత్తది ముందు ఇవ్వాలి. డమ్మీ రౌండ్లతో, శిక్షకుడి పర్యవేక్షణలో, టైమర్‌తో కొలవాలి. నిలబడి మాత్రమే కాదు, మోకాలి మీద, బోర్లా పడుకుని, జీపులో కూర్చుని, మెట్లు ఎక్కి రొప్పుతూ ఉన్నప్పుడు, వెస్ట్‌ను నీళ్లలో ముంచి తీశాక చేయాలి. ఒక్కడి అత్యుత్తమ సమయం కాకుండా అందరి మధ్యస్థ సమయం చూడాలి. సెకన్ల పక్కన ఇంకో గడి తప్పనిసరి: పాకిన తర్వాత ఎన్ని మ్యాగజైన్లు పౌచ్‌లో మిగిలాయి? ఆ గడి లేని ట్రయల్ రిపోర్టులో మూత లేని పౌచ్ ప్రతిసారీ గెలుస్తుంది.

కొనుగోలు కాగితాల్లోనూ ఈ గడికి చోటివ్వాలి. బీపీ జాకెట్‌కు మనకు భారతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ 17051, 2018లో వచ్చింది. హైదరాబాద్ మిధాని, భాభా అణు పరిశోధనా కేంద్రం సాంకేతికతతో భాభా కవచ్ తయారు చేస్తోంది. తూటా ఆగుతుందా లేదా అన్నది పరీక్షించి చూస్తున్నాం. దాని మీద తగిలించే పౌచ్‌ను మాత్రం చాలాచోట్ల రంగు, ధర చూసి తీసుకుంటున్నాం. తీరప్రాంత దళమైతే టెండర్‌లో కనీసం మూడు షరతులు రాయవచ్చు: అడుగున నీరు కారే కన్నం, తుప్పు పట్టని బటన్లు, తడిసి ఆరాక కూడా మ్యాగజైన్‌ను తలకిందులుగా పట్టుకోగల పట్టు. ఉప్పు గాలికి ఇనుప బటన్ కొన్నాళ్లకే బిగుసుకుంటుంది. తడి పౌచ్‌లో నెలల తరబడి ఉన్న ఉక్కు మ్యాగజైన్‌కు ముందు మూతి అంచుల దగ్గర, తర్వాత లోపలి స్ప్రింగ్‌కు తుప్పు పడుతుంది. డ్యూటీ దిగాక పౌచ్‌లు ఖాళీ చేసి, మూతలు తెరిచి ఆరబెట్టడానికి స్టోర్‌లో ఒక దండెం కట్టిస్తే ఆ మ్యాగజైన్లు ఎక్కువ కాలం పనిచేస్తాయి.