పట్టభద్రుని రెండో ఓటు
(పాలమూరు సంస్థానాల కాలం నుంచి శాసనమండలి దాకా)

శాసనమండలిని మన జనం పెద్దల సభ అంటారు. ఈ పెద్దలెవరు, వీరికి పెద్దరికం ఏ హక్కున వచ్చింది అనే ప్రశ్న ఎన్నికల వేళ కూడా ఎవరూ వేయరు. మహబూబునగర్ - రంగారెడ్డి - హైదరాబాదు పట్టభద్రుల నియోజకవర్గం నుంచి 2021 మార్చిలో ఎన్నికైన సభ్యురాలి ఆరేళ్ల కాలం 2027 మార్చితో ముగుస్తుంది. ఆ స్థానానికి జరిగే ఎన్నికలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల విద్యావంతులు కూడా ఓటర్లు. కాబట్టి ఎవరికి ఓటు వేయాలి అనే ప్రశ్నకు ముందు, అసలీ ఓటు మనకెందుకు వచ్చింది అనే ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించుకోవడం అవసరం.

అవసరమని ఎందుకంటున్నానంటే, 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత 49.87 శాతం. తెలంగాణలో ఇంతకంటే తక్కువ ఉన్న జిల్లా మరొకటి లేదు. సగం మందికి అక్షరం అందని నేలమీద, డిగ్రీ చదివినవాడికి అందరితోపాటు శాసనసభకు ఒక ఓటు, అందరికీ లేని మండలి ఓటు మరొకటి ఉన్నాయి. ఈ రెండో ఓటుకు సమాధానం చెప్పుకోవలసిన బాధ్యత దాన్ని వేసేవాడిదే.

1

నేటి మూడు జిల్లాల పటాన్ని చూస్తే పాత సంస్థానాల పటం దాని కిందనుంచి కనిపిస్తుంది. గద్వాల, వనపర్తి, కొల్లాపురం కేంద్రంగా ఉన్న జటప్రోలు, ఆత్మకూరు కేంద్రంగా ఉన్న అమరచింత, గోపాలుపేట - ఇవన్నీ నిజాముకు పేష్కషు చెల్లిస్తూ తమ ఎల్లల్లో తామే ప్రభువులుగా చలామణి అయిన సంస్థానాలు. వీటి సాహిత్య పోషణను మన సాహిత్య చరిత్రకారులు ఎంతో ఆదరంగా చెప్పారు. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరే వచ్చింది. కవిపండితులు వచ్చి అవధానాలు చేసి, వార్షికాలు పుచ్చుకొని వెళ్లేవారు. తిరుపతి వేంకట కవులు కూడా ఈ సంస్థానాల గడప తొక్కినవారే.

ఆ పోషణ విలువ తక్కువదని నేను అనను. తెలుగుకు రాజభాషగా చోటులేని హైదరాబాదు రాజ్యంలో ఆ ఆస్థానాలు తెలుగు పద్యానికి నీడనిచ్చాయి. అయితే ఆ వార్షికాలకు డబ్బు రైతు కట్టిన పన్నులోనుంచి వచ్చింది. ఆ రైతు బిడ్డకు బడిలేదు. విద్య ప్రభువు ఇచ్చే సన్మానం, విద్వాంసుడు ప్రభువుకు అలంకారం - ఈ సంబంధం అక్కడ స్థిరపడింది. విద్వాంసుడికి సభలో ఆసనం ఉండేది గాని, ఆ ఆసనం మీద కూర్చుని వెట్టి గురించి మాట్లాడే వీలు లేదు. నేటి పెద్దల సభను అర్థం చేసుకోవడానికి ఈ పాత సంబంధాన్ని గుర్తుంచుకోవాలి.

హైదరాబాదు రాజ్యంలో శాసననిర్మాణ సభ అనేది 1893లోనే ఏర్పడింది. అందులో అధికారులదే పెత్తనం. ప్రజలతో దానికి సంబంధం లేదు. ప్రజల ఒత్తిడి పెరిగిన తరువాత నిజాము ప్రభుత్వం అరవముదు అయ్యంగారు అధ్యక్షతన సంఘాన్ని వేసి, 1939లో రాజ్యాంగ సంస్కరణలు ప్రకటించింది. 85 మంది సభ్యులుండే సభ. అందులో ఎన్నికయ్యేవారు 42 మంది మాత్రమే. అంటే సగానికన్నా తక్కువ. ఆ 42 మందిని కూడా ప్రజలు ప్రజలుగా ఎన్నుకోరు. సంస్థానాలు, జాగీర్దార్లు ఒక వర్గం, వ్యవసాయదారులు ఒక వర్గం, వర్తకులు, బ్యాంకర్లు, వకీళ్లు, వైద్యులు, పట్టభద్రులు - ఇలా వృత్తుల వారీగా సమాజాన్ని విభజించి, ఒక్కొక్క ముక్కకు కొన్ని స్థానాలు కేటాయించారు.

ఈ పద్ధతిని ప్రయోజనాల ప్రాతినిధ్యం అన్నారు. పైకి చూస్తే న్యాయంగానే తోస్తుంది: ఎవరి వృత్తి వారు మాట్లాడుకుంటారు గదా! కాని లక్షలాది కౌలుదార్లూ కూలీలూ ఒకవైపు, పిడికెడు మంది జాగీర్దార్లు మరొకవైపు ఉన్న సమాజంలో వృత్తుల లెక్కన సీట్లు పంచితే లాభం ఎవరికి? తల లెక్క పక్కనపెట్టి హోదా లెక్క తీయడమే ఆ ఏర్పాటులోని రహస్యం. ఆంధ్ర మహాసభలో ఈ సంస్కరణలమీద మితవాదులకూ అతివాదులకూ పెద్ద వివాదమే నడిచింది. ఆ వివాదంలో తేలిన విభేదం తరువాతి కాలంలో మహాసభ రెండుగా చీలడానికి దారితీసిన కారణాల్లో ఒకటి. 1946లో సభను విస్తరింపజేసి ఎన్నికలు పెట్టినప్పుడు హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు బహిష్కరించింది.

2

ఈ హోదా లెక్కను చెరిపివేసింది 1952. జాగీర్ల రద్దు శాసనంతో 1949లో సంస్థానాలు అంతరించాయి. తరువాత మూడేళ్లకు వయోజనులందరికీ ఓటు వచ్చింది. నేటి గద్వాల జిల్లా ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఆ ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు.

ఇది చిన్న సంగతి కాదు. ప్రతాపరెడ్డిగారు బి.ఏ., బి.ఎల్. చదివిన పట్టభద్రుడు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించి నడిపినవారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సమాధానంగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చినవారు. అంతటి విద్యావంతుడు పాత సంస్థాన కేంద్రంలో ఓటుకోసం నిలిచినప్పుడు, ఆయనను ఎన్నుకున్నవారు తోటి పట్టభద్రులు కారు. వేలిముద్రల రైతులు, కూలీలు. రాజకీయంగా ఆయన కాంగ్రెసువాది. మనకు ఆయనతో భేదాలుండవచ్చు. కాని విద్యావంతుడు శాసనసభకు వెళ్లాలంటే విద్యావంతుల కోటా అవసరమనే వాదానికి పాలమూరు 1952లోనే జవాబు చెప్పింది. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలు విడిచి జనం తిండి, బట్ట, ఆటపాటలు చెప్పిన మనిషిని ఆ జనమే సభకు పంపారు. 1953లో ఆయన మరణించారు. 1955లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం లభించింది.

ఆ హైదరాబాదు రాష్ట్రంలో ఎగువ సభ లేదు. అది లేనందున ప్రజాస్వామ్యానికి ఏ కొరతా కలగలేదు.

3

మరి మండలి ఎక్కడినుంచి వచ్చింది? 1935 భారత ప్రభుత్వ చట్టం మద్రాసు వంటి కొన్ని రాష్ట్రాల్లో రెండో సభను పెట్టింది. ఆ సభకు ఓటర్లు ఆస్తీ హోదా ఉన్న కొద్దిమంది. దిగువ సభలోకి జనం వస్తారని తెలిసిన తెల్ల ప్రభుత్వం పైన ఒక ఆనకట్ట కట్టుకుంది. స్వతంత్ర భారత రాజ్యాంగం ఆస్తి అర్హతను తీసివేసింది. అయితే 171వ అధికరణం ద్వారా మరో ఏర్పాటు చేసింది: మూడోవంతు స్థానిక సంస్థల నుంచి, మూడోవంతు శాసనసభ్యుల ఓట్లతో, పన్నెండోవంతు పట్టభద్రుల నుంచి, మరో పన్నెండోవంతు ఉపాధ్యాయుల నుంచి, మిగిలినవారు గవర్నరు నియామకంతో.

బ్రిటనులో విశ్వవిద్యాలయ పట్టభద్రులకు పార్లమెంటుకు అదనపు ఓటు శతాబ్దాలుగా ఉండేది. ఒక మనిషికి ఒకే ఓటు అనే సూత్రానికి ఇది విరుద్ధమని లేబరు ప్రభుత్వం 1948లో చట్టం చేసి దాన్ని తీసివేసింది. అక్కడ కాలం చెల్లిందని పారవేసిన దానికి, మరుసటి ఏడాదే ఆమోదం పొందిన మన రాజ్యాంగంలో రూపం మార్చి చోటు దొరికింది.

1952లో మద్రాసులో ఏం జరిగిందో ఆంధ్ర పాఠకులు మరువరు. ఎన్నికల్లో కాంగ్రెసుకు మెజారిటీ రాలేదు. ప్రజల ఓటు అడగని రాజగోపాలాచారిగారు గవర్నరు నియామకంతో మండలి సభ్యుడై ముఖ్యమంత్రి అయ్యారు. పెద్దల సభ వెనుక తలుపుగా ఎలా ఉపయోగపడుతుందో మొదటి సాధారణ ఎన్నికల సంవత్సరమే చూపింది.

ఆంధ్రప్రదేశ్‌లో 1958 జులైలో 90 మంది సభ్యులతో మండలి ఏర్పడింది. తొలి అధ్యక్షులు ఆంధ్ర మహాసభ నాయకులు మాడపాటి హనుమంతరావుగారు. విశ్వనాథ సత్యనారాయణగారు, తరువాత 1964లో జాషువాగారు నియామక సభ్యులయ్యారు. సంప్రదాయ కవికీ, అంటరానితనం మీద కలమెత్తిన కవికీ ఒకే సభలో ఆసనం దొరికింది. దీనికి సంతోషించాలి. కాని ఆసనం ప్రభుత్వం ఇచ్చినది. సంస్థానపు వార్షికానికీ దీనికీ ఉన్న దూరం ఎంత అనేది ఆ ఆసనంలో కూర్చున్న మనిషి నోరును బట్టి తేలుతుంది. నాగర్‌కర్నూలు జిల్లా గౌరారం బిడ్డ, పల్లె కన్నీటిని పాటగా కట్టిన గోరేటి వెంకన్నగారు 2020లో నియమితులైనప్పుడు కూడా ఈ ప్రశ్నే మన ముందుకు వచ్చింది.

1983లో తెలుగుదేశం అధికారంలోకి వచ్చేనాటికి మండలిలో కాంగ్రెసువారే ఎక్కువ. మండలి రద్దు తీర్మానం ఆ ఏడాదే వచ్చింది. 1985లో మండలి పోయింది. వైయస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2004లో తీర్మానించగా 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులు మండలిలో ఆగిపోగానే ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్లీ రద్దు కోరింది. 2021 నవంబరులో, మండలిలో బలాలు మారిన తరువాత, ఆ కోరికను వెనక్కు తీసుకుంది. సూత్రం పేరున జరిగిన ఈ రాకపోకలన్నిటి వెనుక ఉన్నది పాలకపక్షాల సంఖ్యాబలం లెక్క. పశ్చిమ బెంగాలులో యునైటెడ్ ఫ్రంటు ప్రభుత్వం 1969లో మండలిని రద్దు చేసినప్పుడు ఉన్న స్పష్టత మన దగ్గర ఏ పక్షానికీ లేకపోయింది.

4

అధికారాల విషయానికి వస్తే చెప్పుకోవలసింది కొద్దే. శాసనసభ పంపిన బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు. ఆర్థిక బిల్లునైతే 14 రోజులే. చివరి మాట శాసనసభదే.

నిర్మాణం సంగతి వేరు. తెలంగాణ మండలిలో 40 మంది సభ్యులు: 14 మంది స్థానిక సంస్థల నుంచి, 14 మంది శాసనసభ్యుల ద్వారా, పట్టభద్రుల నుంచి ముగ్గురు, ఉపాధ్యాయుల నుంచి ముగ్గురు, నియామకం వల్ల ఆరుగురు. 2024లో మహబూబునగర్ స్థానిక సంస్థల స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. ఉమ్మడి జిల్లా మొత్తానికి ఓటర్లు 1,439 మంది. ఎం.పి.టి.సి.లు, జెడ్.పి.టి.సి.లు, మునిసిపల్ కౌన్సిలర్లు మొదలైనవారు. ఊరు ఎన్నుకున్న సర్పంచుకు ఇందులో ఓటు లేదు. గెలుపు ఓటముల తేడా వంద పైచిలుకు ఓట్లు. ఇంత చిన్న ఓటర్ల జాబితా ఉన్నచోట ఓటర్లను శిబిరాలకు తరలించి కాపలా కాయడం రాజకీయ నీతి అయి కూర్చుంటే ఆశ్చర్యమేముంది?

పట్టభద్రుల నియోజకవర్గం దీనికి పూర్తిగా ఎదురు కొస. 43 శాసనసభ నియోజకవర్గాలకు కలిపి ఒకే ఒక స్థానం. 2021లో ఓటర్లు 5 లక్షల 31 వేలకు పైగా. అభ్యర్థులు 93 మంది. ప్రాధాన్య ఓట్ల లెక్కింపు రోజుల తరబడి సాగింది. హైదరాబాదు, రంగారెడ్డి ఓటర్ల సముద్రంలో అలంపురం, అచ్చంపేట పట్టభద్రుడు ఒక చుక్క. 2007లోనూ 2009లోనూ ఇదే స్థానం నుంచి స్వతంత్రుడుగా ప్రొఫెసర్ కె. నాగేశ్వర్ గెలిచారు. డబ్బూ పార్టీ యంత్రాంగమూ లేకపోయినా వాదంతో గెలవగల అవకాశం ఇక్కడ ఒకప్పుడు ఉండేదని దీనివల్ల తెలుస్తుంది. ఆ అవకాశం నానాటికీ సన్నగిల్లుతోంది.

ఉపాధ్యాయ నియోజకవర్గంలో మరొక విచిత్రం. సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో బోధించేవారికే అక్కడ ఓటు. ప్రాథమిక పాఠశాలలో పంతులుకు ఓటు లేదు. అక్షరాస్యత అట్టడుగున ఉన్న జిల్లాలో మొట్టమొదటి అక్షరం దిద్దించేవాడు ఉపాధ్యాయుడి లెక్కలోకి రాడు. పట్టభద్రుల్లో ఉన్న హోదా లెక్క ఉపాధ్యాయుల్లోకి కూడా దిగివచ్చిందన్నమాట.

5

కనుక ఈ ఓటును బహిష్కరించాలా? అలా అనే మిత్రులున్నారు. 1946 బహిష్కరణను ఉదాహరణగా చూపుతారు. కాని అప్పుడు వయోజన ఓటు లేదు. పోరాటం ఆ హక్కుకోసమే జరిగింది. ఇప్పుడు ఆ హక్కు ఉంది. దానిపైన అంటుకట్టిన ఈ అదనపు ఓటును మనం వదిలేసినంతమాత్రాన అది మాయం కాదు. ప్రైవేటు కళాశాలల యజమానులకూ కులసంఘాల పెద్దలకూ చేరుతుంది.

మండలి అక్కరలేదనే సూత్రం మనం విడవనక్కరలేదు. ఉన్నంతకాలం దానిలో ఏం మాట్లాడించాలన్నది వేరే ప్రశ్న. పట్టభద్రుల జాబితా ప్రతి ఎన్నికకూ కొత్తగా తయారవుతుంది. డిగ్రీ పొంది, ముందు సంవత్సరం నవంబరు 1 నాటికి మూడేళ్లు నిండినవారు ఎవరికివారు దరఖాస్తు పెట్టుకోవాలి. క్రితంసారి ఓటు వేశాం గదా అనుకుంటే కుదరదు. హైదరాబాదులో సంఘాలూ పార్టీలూ ఈ పని చేయిస్తాయి. గట్టు మండలంలో ఎవరు చేయిస్తారు? ఆ పని విద్యార్థి సంఘాలదీ ఉపాధ్యాయులదీ.

అభ్యర్థి వచ్చినప్పుడు మన జీతభత్యాల జాబితా ఒక్కటే ముందు పెడితే మనం 1939 నాటి సభలోని ఒక ప్రయోజనంగా మిగిలిపోతాం: వకీళ్లు ఒక ముక్క, వర్తకులు ఒక ముక్క, పంతుళ్లు ఒక ముక్క. అడగవలసినవి వేరే ఉన్నాయి. గద్వాల సీడు పత్తి చేలలో క్రాసింగు పనికి బడి మానిన పిల్లల సంగతి ఏమిటి? గుంపు మేస్త్రీ వెంట తల్లిదండ్రులు వలసపోతే వెనుక మిగిలిన పిల్లలకు హాస్టలు ఎక్కడ? ప్రాథమిక పాఠశాల పంతులుకు ఓటు ఎందుకు లేదు? 2008లో వచ్చిన పాలమూరు విశ్వవిద్యాలయంలో బోధకుల ఖాళీలు ఎప్పుడు నింపుతారు? ఇవి ఓటులేనివారి ప్రశ్నలు. వీటిని అడిగే బాధ్యత ఓటున్నవాడిమీద ఉంది.

రెండో ఓటు మన తెలివికి బహుమానంగా వచ్చిందనుకుంటే సంస్థానపు వార్షికం పుచ్చుకున్న విద్వాంసుడి పక్కన మన పీట వేసుకున్నట్టే. మనలను చదివించడానికి చదువు మానుకున్నవారి పొత్తు ఆ ఓటులో ఉందని గుర్తించినవాడు దాన్ని వారి పేరున వేస్తాడు. ఆ ఓటు ఎవరికీ ప్రత్యేకంగా అక్కరలేని రోజుకోసం కూడా వాడే పనిచేస్తాడు.